జీరో బల్బుకు సున్నా వేసిన డిప్లమా

ఆ రోజుల్లో అని నేను మొదలుపెట్టగానే మా అమ్మ అడ్డుపడుతుంది. "ఆ రోజులేందే, మొన్న మొన్నటి ముచ్చట! నా మోకాలు నొప్పి గూడ ఇంక తగ్గలే," అంటుంది. ఆమె మాట నిజమే, నేనేమీ తల నెరిసినదాన్ని కాదు. కానీ మనిషి తన తెలివితక్కువతనాన్ని వీలైనంత దూరం నెట్టేసి చూసుకోవాలనుకుంటుంది కదా, అందుకని నాకు అవి ఆ రోజులే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఎలక్ట్రికల్ డిప్లమా పూర్తిచేసి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యానెల్ బోర్డులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరి ఆరు నెలలైంది. మెడలో ఐడీ కార్డు, సంచిలో టెస్టర్, నాకు తెలియని కరెంటు ఈ భూమి మీద ఎక్కడా ప్రవహించడం లేదన్న నమ్మకం. (ఆ టెస్టర్‌ను పెళ్ళిళ్ళకు కూడా తీసుకెళ్ళేదాన్ని. ఒకసారి ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర కూలర్‌ను పరీక్షిస్తుంటే, పనిమనిషి అనుకుని ఎవరో పెద్దాయన మంచినీళ్ళు అడిగారు.) మా బాపు లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, చుట్టుపక్కల అందరి ముందూ నన్ను "మా ఇంజినీరు" అనేవాడు. నేను కాదనేదాన్ని కాదు.

సరిగ్గా అప్పుడే మా వీధిలోకి జీరో బిల్లు వచ్చింది. తెల్లకార్డున్న ఇంట్లో నెలకు రెండు వందల యూనిట్ల లోపు కాలితే ఏమీ కట్టక్కర్లేదు. రెండు వందలు దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచీ మొత్తం మన నెత్తిన పడుతుంది. ఇంకేముంది, వీధిలో పలకరింపులే మారిపోయాయి. "తిన్నవా" అని అడిగేవాళ్ళు కాస్తా "జీరో వచ్చిందా" అని అడగడం మొదలుపెట్టారు. మా ఎదురింటి అత్తకు మొదటి నెలే వచ్చింది. ఆ ఇంట్లో ఆరుగురు మనుషులు, వాషింగ్ మిషన్, పెద్ద టీవీ, అయినా జీరో. ఆవిడ ఆ కాగితాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. అది చాలక, జ్ఞాపకంగా ఉండాలని ఏఎస్ రావు నగర్ పోయి లామినేషన్ చేయించింది. బిల్లు కాగితం వేడి తగిలితే నల్లబడుతుందని ఆవిడకు తెలియదు, లామినేషన్ చేసినవాడికీ తెలియదు. మిషన్‌లోంచి బొగ్గులాంటి నల్లటి అట్ట ఒకటి బయటికి వచ్చింది. అయినా ఆవిడ తగ్గలేదు. ఆ నల్లటి అట్టనే చూపించి, "గీ లోపట జీరో ఉన్నది," అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎందుకంటే మాకు రాలేదు. ఒక నెల రెండు వందల పధ్నాలుగు, ఇంకో నెల రెండు వందల తొమ్మిది, తరవాత మళ్ళీ పధ్నాలుగు. గీత దాటి నాలుగడుగులు అటు పడుతున్నాం, అంతే. బిల్లు కొట్టే అన్న వచ్చి మీటరు ముందు చేతి మిషన్ పట్టుకుని నిలబడితే, మా ఇంటిల్లిపాదీ పరీక్ష ఫలితాలకు చూసినట్టు ఆయన మొహంలోకి చూసేవాళ్ళం. ఆయన కాగితం చింపి బాపు చేతిలో పెట్టి, "జరంతల పోయింది అన్నా," అని సానుభూతి చూపించి పక్కింటికి పోయేవాడు. బాపు కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మొత్తం, కింద ఉన్న నిబంధనలతో సహా, పైకి చదివేవాడు. అప్పుడు మంచం మీద కూర్చున్న నాయనమ్మ ప్రతినెలా ఒకే మాట అనేది. "కరెంటు సదువు సదివిన పొల్ల ఇంట్ల ఉండంగ మనకు జీరో రాదా? మరి గంత సదువు ఎందుకు సదివిచ్చినట్టు?" ఆ మాట ఎదురింటి దాకా వినపడేది. ఎదురింటి అత్త గుమ్మంలో నిలబడి మెంతికూర తుంచుకుంటూ తల ఊపేది. నా డిప్లమాకు ఇంతకంటే అవమానం ఏం కావాలి? మూడోసారి విన్నరోజున, వచ్చే నెల జీరో రాకపోతే నా పేరు మార్చుకుంటానని అందరి ముందూ శపథం చేశాను. మార్చుకోలేదు గానీ, మార్చుకోవాల్సినంత పనే జరిగింది.

మరుసటి ఆదివారం లాంగ్ నోట్‌బుక్‌లోంచి రెండు కాగితాలు చింపి అతికించి, స్కేలు పెట్టి గీతలు గీసి, "ఇంటి లోడు పట్టిక" అని పైన పెద్దక్షరాలతో రాశాను. వస్తువు పేరు, ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు, నెలకు ఎన్ని యూనిట్లు, ఇవీ గళ్ళు. లెక్క ఏ అడ్డమైనవాడికైనా అర్థమయ్యేదే. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. నాయనమ్మ దాన్ని కూడా శ్రద్ధగా విని, "వెయ్యి ఒట్లు పెట్టుకుంటె ఒక యూనిటా," అంది. నేను టెస్టర్ చెవి మీద పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఫ్రిజ్ వెనక్కి వంగి అంటించిన కాగితం చదివాను, మిక్సీని తలకిందులు చేశాను, ఫ్యాన్ల కోసం స్టూల్ ఎక్కాను. ఇస్త్రీపెట్టె, నీళ్ళ మోటరు, హీటర్ రాడ్, టీవీ, అన్నీ రాశాను. వాటితోపాటు జీరో బల్బులు మూడు కనిపించాయి. దేవుడి గూట్లో ఎర్రది ఒకటి, బాత్రూంలో ఒకటి, మెట్ల కింద ఒకటి. నాయనమ్మ వాటిని రాత్రిపూట వేసి తెల్లారి ఆర్పేది. వాటిని వదిలేయకుండా, పద్ధతి పద్ధతేనని అవి కూడా పట్టికలో ఎక్కించి, ఎదురుగా సున్నా వేశాను. వేసి కింద గీత కూడా గీశాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకనాలి? జీరో బల్బును జీరో బల్బు అనే కదా పుట్టినప్పటి నుంచీ పిలుస్తున్నాం, కిరాణా కొట్టువాడూ అలాగే ఇస్తున్నాడు.

చివరికి దోషి దొరికింది. మా అమ్మ కుట్టుమిషన్. అంతకు ఏడాది ముందు అమ్మ చిట్టీ ఎత్తుకుని ఆ మిషన్‌కు మోటరు పెట్టించుకుంది. దాని మీద వంద వాట్లు అని రాసి ఉంది. అమ్మ పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటుంది కాబట్టి ఎనిమిది గంటలు అని రాశాను. రోజుకు ఎనిమిది వందల వాట్-అవర్లు, నెలకు ఇరవై నాలుగు యూనిట్లు. రెండు వందల పధ్నాలుగులోంచి ఇరవై నాలుగు తీసేస్తే నూట తొంభై. జీరో! అంత చక్కగా లెక్క కుదిరితే ఎవరికి ఆనందంగా ఉండదు? పట్టికను ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి, అందరినీ పిలిచి చూపించాను. అమ్మ చేతిలో జాకెట్ ముక్కతో వచ్చి కాసేపు చూసింది. "అంటె నా మోటరు తియ్యాల్నా?" అంది. "జీరో వచ్చేదాక తొక్కుడు మిషనే తొక్కమ్మా, ఎక్సర్‌సైజ్ గూడ అయితది," అన్నాను. (ఈ వాక్యం నేనే అన్నాను. ఎవరి మీదికైనా నెట్టేద్దామని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.) బాపు ఆమె మొహం వంక ఒకసారి చూసి, నా పట్టిక వంక ఒకసారి చూసి, "ఇంజినీరు చెప్తుంది గదా," అని స్క్రూ డ్రైవర్ తెచ్చి ఇచ్చాడు. మోటరు ఊడదీసి పాత పట్టా తగిలించి, అటకమీద పెట్టేశాను.

అమ్మ అప్పుడు చేతినిండా పనిలో ఉంది. ఏఎస్ రావు నగర్‌లో ఒక చీరల దుకాణం ఆవిడ మొదటిసారి నమ్మి నలభై లైనింగ్ జాకెట్లు ఇచ్చింది, పెళ్ళిళ్ళు మొదలయ్యేలోగా కుట్టి ఇస్తే ఇక నెలనెలా పని మీకేనని చెప్పింది. అమ్మకు అలాంటి మాట ఎవరైనా ఇవ్వడం అదే మొదలు. అంతకుముందు వీధిలోవాళ్ళు గుడ్డ తెచ్చి పడేసి, డబ్బులు మెల్లగా ఇద్దామనుకునేవాళ్ళే. ఇది పూర్తిగా వేరు. దుకాణం వాళ్ళు నోట్‌బుక్‌లో అమ్మ పేరు రాసుకున్నారని మాకు రెండుసార్లు చెప్పింది. నేను విన్నాను, తలాడించాను, నా పట్టికలో మునిగిపోయాను.

మోటరు తీయడంతో నేను ఆగి ఉంటే బాగుండేది. కానీ అధికారం చేతికి వచ్చిన కొత్త కదా, ఇంట్లో చట్టాలు తెచ్చాను. ఇస్త్రీ వారానికి ఒకసారి. హీటర్ రాడ్ బంద్, నీళ్ళు గ్యాస్ మీద. పగలు రెండు గంటలు ఫ్రిజ్ బంద్. చలికాలం వస్తోంది కాబట్టి ఫ్యాన్లు ఎలాగూ బంద్. అన్నిటికంటే నాకు గర్వంగా ఉన్న చట్టం లైట్ల గురించి. మనుషులు పనిచేసుకునే చోట తప్ప మిగతా అన్నిచోట్లా తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పీకేసి జీరో బల్బులు పెట్టించాను. కిరాణా కొట్లో నాలుగు కొనుక్కొచ్చి, గుమ్మం ముందు ఒకటి, వంటింటి నడవాలో ఒకటి, వెనక దొడ్లో ఒకటి, మెట్ల పైన ఇంకొకటి. మొత్తం ఏడు అయ్యాయి, ఎర్రవి, పచ్చవి, నీలంవి. ఇల్లు ఊళ్ళో బొడ్రాయి పండగ నాటి పందిరిలా ఉండేది. ఇక నాయనమ్మ వాటిని పొద్దున ఆర్పడం కూడా మానేసింది. "జీరోనే గదా బిడ్డా. ఆర్పినా ఒక్కటే, ఎలిగినా ఒక్కటే. ఇల్లు ఎందుకు సీకటుంచాలె?" అంది. నేను ఆలోచించి, లెక్క ప్రకారం అది నిజమేనని తీర్పు చెప్పాను. సున్నాను ఇరవై నాలుగు గంటలతో గుణించినా సున్నాయే కదా మరి!

మొదటి బిల్లు వచ్చింది. రెండు వందల నలభై నాలుగు. బిల్లు కొట్టే అన్న కూడా తడబడి, మీటరు అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. "ఏం కొత్త సామాన్ కొన్నరా అన్నా?" అన్నాడు బాపుతో. కొనడమా! చల్లటి నీళ్ళతో మొహాలు కడుక్కుని, ముడతల బట్టలు తొడుక్కుని, పచ్చ వెలుతురులో తడుముకుంటూ తిరుగుతున్న కొంపలో ముప్పై యూనిట్లు పెరిగాయి. అమ్మ తొక్కుతోంది. పొద్దున తొక్కేది, పగలు తొక్కేది, సాయంత్రం నేను వచ్చేసరికి మోకాలికి కొబ్బరినూనె పట్టించుకుంటూ ఒక కాలితో తొక్కేది. అయినా నలభైలో ఇరవై రెండే అయ్యాయి. గడువు రోజున దుకాణం ఆవిడ మిగతా ముక్కలు వెనక్కి తీసుకుని, చిల్కానగర్‌లో ఎవరికో ఇచ్చేసింది. అమ్మ ఆ సంచీ ఇచ్చి షేర్ ఆటోలో తిరిగొచ్చి, చెప్పులు విప్పుతూ, "ఇచ్చేసిన," అంది, అంతే. ఆ రాత్రి అన్నంలోకి పచ్చిపులుసు చేసింది. నాకు అప్పుడు బాధ కలగలేదని చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు కలిగింది కోపం. నా లెక్క తప్పయ్యే ప్రసక్తే లేదు కాబట్టి, ఎవరో మా కరెంటు దొంగిలిస్తున్నారు, లేకపోతే మీటరే గుర్రంలా పరిగెడుతోంది.

దొంగతనం అనుమానం మొదట ఎదురింటి అత్త మీదికి పోయింది. (ఆరుగురు మనుషులకు జీరో ఎలా వస్తుంది చెప్పండి?) స్తంభం నుంచి వచ్చే వైర్లను వేలితో చూపిస్తూ లెక్కపెట్టాను. ఏ వైరూ దారి తప్పలేదు. అప్పుడు మీటరు మీదికి మళ్ళి, ఒకపూట సెలవు పెట్టి ఉప్పల్‌లో కరెంటు ఆఫీసుకు పోయాను. పట్టికను గుండ్రంగా చుట్టి చేత్తో పట్టుకుని, కౌంటర్ ముందు అది విప్పి, నేను ఎలక్ట్రికల్ దాన్నని, ఈ మీటరు సామాన్య ప్రజలను నిలువునా ముంచుతోందని, నా వెనక నిలబడ్డ ఎనిమిదిమందికీ వినపడేలా చెప్పాను. కౌంటర్‌లో అక్క నేను ఆపేదాకా ఓపిగ్గా విన్నది. "మీటరు టెస్టింగ్‌కు దరఖాస్తు పెట్టు చెల్లె. దానికంటె ముందు లైన్‌మెన్‌ను పంపిస్త, ఇంట్ల ఓసారి సూస్తడు," అంది. నా వెనకాయన, "ఆమె కాయిదం మస్తు మంచిగ గీసింది," అని మెచ్చుకున్నాడు. నేను మెచ్చుకోలు కోసం రాలేదని చెప్పి బయటికి వచ్చేశాను.

చెప్పిన మాట ప్రకారం రెండో రోజే లైన్‌మెన్ అన్న బండి మీద వచ్చాడు. బక్కగా, మెల్లగా మాట్లాడే మనిషి. పరీక్ష ఎలా చేయాలో ఆయనకు నేనే చెప్పాను. మీటరులో చిన్న ఎర్ర లైటు ఉంటుంది, కరెంటు కాలుతుంటే అది మిణుకుమంటుంది. ఇంట్లో అన్నీ బంద్ చేస్తే అది ఆగిపోవాలి. ఆగకపోతే మీటరు ఖరాబైనట్టు. ఆయన, "ఔ చెల్లె, గంతే," అన్నాడు. నేను ఇంట్లోకి పరిగెత్తి ఫ్రిజ్ ప్లగ్గు పీకాను, టీవీ, కేబుల్ డబ్బా, ఫోన్ చార్జర్లు, ఏదీ వదల్లేదు. వీధిలోవాళ్ళు పోగయ్యారు. ఎదురింటి అత్త మెంతికూర పళ్ళెంతో సహా వచ్చి ముందు వరసలో నిలబడింది. అందరం మీటరు వంక చూశాం. మిణుకు. బాపు లెక్కపెట్టాడు, పది దాకా వచ్చాడో లేదో మళ్ళీ మిణుకు.

"సూసిన్రా!" అన్నాను నేను, వీధి మొత్తానికి. "అన్నీ బంద్ ఉన్నయి, అయినా తిరుగుతుంది. ఇదే మోసం! నెల సంది చీకట్ల సస్తున్నం, మా అమ్మ మోకాళ్ళు అరిగిపోయినయి, ఎవరు జవాబు చెప్తరు?"

లైన్‌మెన్ అన్న నా వంక కాదు, నా భుజం మీదుగా ఇంట్లోకి చూస్తున్నాడు. "అన్నీ బంద్ చేసిన్నంటివి గద చెల్లె?"

"అన్నీ బంద్ అన్నా."

"మరి గవేంది?"

"ఏవి?"

"గా ఎర్రది. గా పచ్చది. నడవాల నీలంది."

"అవి జీరో బల్బులన్నా," అన్నాను జాలిగా. ఇంత కూడా తెలియని మనిషిని లైన్‌మెన్‌గా ఎవరు పెట్టారా అనుకున్నాను.

ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఫ్రిజ్ తలుపు మీద మళ్ళీ అంటించిన పట్టిక ముందు ఆగి, వేలు కిందికి దించుకుంటూ వచ్చి, సున్నా దగ్గర ఆపాడు. కింద గీసిన గీతను కూడా చూశాడు. నవ్వకుండా ఉండటానికి ఆయన పడిన కష్టం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. "చెల్లె," అన్నాడు, "జీరో అనేది పేరు. అది పదిహేను వాట్లు గుంజుతది."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి నాకు పావుగంట పట్టింది. గుమ్మం ముందు బల్బును ఆయన గుడ్డతో పట్టుకుని తిప్పి తీశాడు, బాపు మీటరు దగ్గర నిలబడి మిణుకుకూ మిణుకుకూ మధ్య పైకి లెక్కపెట్టాడు. పదికి బదులు పన్నెండు వచ్చింది. ఇంకోటి తీస్తే పదిహేను. మెట్ల పైనది తీస్తే పద్దెనిమిది, పంతొమ్మిది. బాపు గొంతు పెరుగుతోంది, వీధి కూడా ఆయనతో కలిసి లెక్కపెడుతోంది. నేను నడవాలో నిలబడి ఒక్కొక్క అంకె విన్నాను. చివరికి దేవుడి గూట్లోది ఒక్కటే మిగిలింది, బాపు డెబ్బై అయిదు దాకా లెక్కపెట్టాడు. నాయనమ్మ గూటికి అడ్డంగా నిలబడింది. "దేవుని దీపం ముట్టొద్దు," అంది. "దీపం కాదవ్వా, బల్బు. నూనె దీపం పెట్టుకో, దేవునికి గదే ఇష్టం," అన్నాడు లైన్‌మెన్ అన్న. నాయనమ్మ ఆలోచించి పక్కకు జరిగింది. అదీ తీశాక బాపు మూడు వందల దాకా లెక్కపెట్టాడు. మీటరు చప్పుడు చేయకుండా, కన్ను కూడా కొట్టకుండా ఊరుకుంది.

అప్పుడు నాయనమ్మ, అన్ని రోజుల్లో ఎవరూ అనని సరైన మాట అంది. "పదిహేను గుంజేదానికి జీరో అని పేరెందుకు పెట్టిన్రు? పెట్టినోన్ని తీస్కరా, అడుగుత." నేను ఈ రోజుకీ నాయనమ్మ పక్షమే. ఒక వస్తువుకు పేరు పెట్టేముందు కాస్త బాధ్యత ఉండక్కర్లేదా? పాతకాలం మీటర్లకు అంత తక్కువ కరెంటు పట్టేది కాదని, అందుకని ఆ పేరు వచ్చిందని పెద్దవాళ్ళు చెబుతారు. అయ్యుండవచ్చు. మీటర్లు మారాక పేరు మార్చడానికి ఎవరికి చేతులు రాలేదు? తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పీకి పదిహేను వాట్ల జీరో పెట్టి, రాత్రింబగళ్ళు వెలిగించిన ఘనత ఈ నగరంలో నా ఒక్కదానిదే అయ్యుంటుందని ఏడుపొచ్చింది. మర్నాడు మా కంపెనీ టెస్టింగ్ బల్ల మీద ఒక జీరో బల్బు పెట్టి వాట్ మీటరు తగిలించాను. పధ్నాలుగున్నర దగ్గర ముల్లు ఆగింది. ముప్పై ఏళ్ళుగా ప్యానెల్ బోర్డులు బిగిస్తున్న మేస్త్రీ వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "మా ఇంట్ల తొమ్మిదున్నయమ్మ," అని మెల్లగా అన్నాడు. మధ్యాహ్నం టిఫిన్ల వేళకు ఆ షెడ్డులో సగంమంది ఇళ్ళకు ఫోన్లు చేస్తూ కనిపించారు. అయినా అది నాకు ఓదార్పు కాలేదు, వాళ్ళెవరూ పట్టిక గీసి ఫ్రిజ్‌కు అంటించలేదు కదా.

ఇక ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ సాయంత్రమే అటక ఎక్కి మోటరు దించి అమ్మ మిషన్‌కు పెట్టేయాల్సింది. పెట్టలేదు. "వచ్చే బిల్లు సూద్దాం, రుజువు కావాలె గదా," అన్నాను. రుజువూ లేదు, పాడూ లేదు. తప్పు మొత్తం నాదేనని ఆ మోటరు దించితే అందరికీ తెలిసిపోతుంది, అదీ సంగతి. పట్టికను మాత్రం ఎవరూ చూడకుండా తీసి చింపేశాను. అమ్మ ఇంకో నెల తొక్కింది.

ఆ నెల బిల్లు నూట అరవై ఎనిమిది. కాగితం మీద, మాకు జీరో. బాపు దాన్ని నిబంధనలతో సహా రెండుసార్లు చదివాడు. నాయనమ్మ ఎదురింటి అత్తను పేరుపెట్టి పిలిచి చూపించింది. ఆ అత్త కూడా మనస్ఫూర్తిగానే సంతోషించి, "లామినేషన్ మాత్రం చేపియ్యకుండ్రి," అంది. నేను పొంగిపోయి లోపలికి పోయి, మిషన్ ముందున్న అమ్మకు కాగితం చూపించాను. అమ్మ తొక్కడం ఆపలేదు. వరస పూర్తిచేసి, దారం పంటితో కొరికి, అప్పుడు నా వంక చూసింది. అన్నాళ్ళూ ఆ ఇంట్లో కోపం నా ఒక్కదాని సొత్తు అనుకున్నాను.

"ఎన్ని గంటలు కుడ్తున్ననో ఒక్కనాడన్న అడిగినవానే?" అంది. "ఎనిమిది గంటలని రాసినవ్. ఎనిమిది గంటలు నేను గీ మిషన్ మీదనే కూసుంటె మీ నాయనమ్మకు గోలీలు ఎవరిచ్చిన్రు? బువ్వెవరు వండిన్రు? పొద్దుగాల నీ టిఫిన్ డబ్బ ఎవరు గట్టిన్రు? ముక్కి మూల్గి మూడు గంటలు దొరుకుతయి నాకు. మూడు. మోటరుంటె గా మూడు గంటల్ల నలభై అయితుండె."

బాపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు గంటలంటే నెలకు తొమ్మిది యూనిట్లు. ఆ లెక్క నోటితో చేయడానికి డిప్లమా కూడా అక్కర్లేదు, అడగాల్సింది ఒక్క మాట. అమ్మ కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. తుడుచుకోలేదు, ఇంకో జాకెట్ ముక్క తీసుకుంది. నేను అటక ఎక్కి, దుమ్ము పట్టిన మోటరు దించి, కింద చతికిలబడి స్క్రూలు బిగించడం మొదలుపెట్టాను. పట్టా తగిలించి, ప్లగ్గు పెట్టి, "నొక్కమ్మా," అన్నాను. అమ్మ కాలి కింద పెడల్ నొక్కింది. మిషన్ చక్రం బర్రుమని వెనక్కి తిరిగింది. దారం మొత్తం చుట్టుకుని ముడిపడి, జాకెట్ గుడ్డ అమ్మ ఒళ్ళోకి దూసుకొచ్చింది.

పట్టాను ఎనిమిది అంకెలా మెలికపెట్టి వేశాను. అమ్మ కాసేపు ఆ ముడి వంక, కాసేపు నా వంక చూసింది. ఆమెకు మొదట దగ్గొచ్చిందనుకున్నాను. కాదు, నవ్వు. మిషన్ బల్ల మీద తల పెట్టుకుని, మోకాలు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. బాపు గుమ్మంలోంచి తొంగిచూసి, ఏం జరిగిందో తెలియకుండానే నవ్వాడు. నాకు మాత్రం ఆ క్షణం చెవులు కాలిపోయేంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. "లెవ్వే, జరుగు," అంది అమ్మ. కింద కూర్చుని, జడపిన్నుతో పట్టా మెలిక విప్పి, రెండు నిమిషాల్లో మోటరు సరిగ్గా పెట్టుకుంది. ఆమెకు ఆ పని వచ్చని నాకు తెలియదు. విప్పిన స్క్రూలు కిందపడి దొర్లకుండా అరచేతిలో పట్టుకుని, ఆమె అడిగినప్పుడల్లా ఒక్కొక్కటీ అందిస్తూ పక్కన నిలబడ్డాను, మెడలో ఐడీ కార్డు తీయడం కూడా మరచిపోయి. ఆ కార్డు మీద నా పేరు కింద ట్రైనీ అని ఉండేది.